యంత్రం చూపుతుంది, చూడవలసింది మనం



బషీర్‌బాగ్ ప్రాంతంలో మంచం పట్టినవారికి దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి ఇళ్ళకు వెళ్ళినప్పుడు నా కంట తరచుగా పడే వస్తువు ఒకటుంది. అది హాల్లో అద్దాల బీరువాలో, పెళ్ళి ఫోటో పక్కన పెట్టిన బి.పి. యంత్రం. విదేశంలో ఉన్న కొడుకో కూతురో ప్రేమతో పంపినది. కొన్ని ఇళ్ళలో దాని పెట్టె మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా ఊడలేదు. "వాడుతున్నారా అమ్మా?" అని అడిగితే, "మాకు తెలియదు ఫాదర్ గారూ, మా అబ్బాయి వచ్చినప్పుడు చూస్తాడు" అంటారు. అబ్బాయి వచ్చేది రెండేళ్ళకోసారి. రక్తపోటు అబ్బాయి వచ్చేదాకా ఆగుతుందా?

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి పదకొండు గంటలు దాటాక నాకు కబురు వచ్చింది. ఒక పెద్దాయన స్నానాల గదిలో జారిపడ్డారు, తలకు దెబ్బ తగిలింది, అభ్యంగనం ఇవ్వడానికి రమ్మన్నారు. నేను వెళ్ళేసరికి డ్యూటీ డాక్టరుగారు ఆయన భార్యను ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు: "రక్తం పలచబడే మందు ఏదైనా వాడుతున్నారా?" ఆ తల్లి, "పొద్దున ఒక తెల్ల మాత్ర, రాత్రి ఒక చిన్న గులాబీ రంగు మాత్ర" అని మాత్రమే చెప్పగలిగింది. మనుమడు ఆటోలో ఇంటికి పరుగెత్తి, చీరల దుకాణం సంచిలో ఉన్న కాగితాలన్నీ మోసుకొచ్చాడు. ఎనిమిదేళ్ళ చీటీలు అన్నీ కలగలిసి ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా కావలసిన చీటీ దొరికింది. ఆయన రక్తం పలచబడే మందే వాడుతున్నారు. తలలో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉన్న వేళ, వైద్యానికి దారి చూపించే మాట అదే. దైవానుగ్రహం వల్ల ఆయన కోలుకున్నారు.

ఇంటికి తిరిగివస్తూ నేను ఒక సంగతి ఆలోచించాను. ఆ ఇంట్లో నాలుగు స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదానిలోనైనా ఆ చీటీ ఫోటో ఉంటే, ఆ ముప్పావు గంట కలిసివచ్చేది. ఆ కుటుంబానికి యంత్రాలు తక్కువ కాలేదు. వాటిని ముందుగా వాడుకోవాలన్న తలంపు రాలేదు, అంతే. ఈ వారం మన పాఠం ఇదే: ఆరోగ్య యంత్రాలు కొన్నంత మాత్రాన ప్రమాదం తగ్గదు. ఏమి చూడాలో, ఎలా చూడాలో, చూసి ఏమి చేయాలో ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉన్నప్పుడే తగ్గుతుంది.

మన ఊరి పాత పాఠం

బషీర్‌బాగ్‌కు ఆ పేరు పైగా వంశానికి చెందిన సర్ ఆస్మాన్ జా, అనగా బషీరుద్దౌలాగారి రాజభవనం వల్ల వచ్చింది. ఆ భవనం ఇప్పుడు లేదు. ఆయన నిజాం రాజ్యానికి దివానుగా ఉన్న కాలంలోనే, 1888లోను, 1889లోను మన నగరంలో రెండు క్లోరోఫాం కమిషన్లు జరిగాయని ఎందరికి తెలుసు?

ఆ రోజుల్లో శస్త్రచికిత్సకు ముందు క్లోరోఫాం ఇచ్చి రోగిని నిద్రపుచ్చేవారు. కొందరు రోగులు ఆ నిద్రలోనే మరణించేవారు. ముందుగా ఆగేది శ్వాసా, గుండెనా? వైద్యుడు దేనిని కనిపెట్టుకుని ఉండాలి? ప్రపంచమంతటా వైద్యులు దీనిపై వాదించుకుంటున్నారు. హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఇక్కడ ప్రయోగాలు చేయించారు. రెండవ కమిషన్‌కు నిజాం ప్రభుత్వ ధనసహాయంతో లండన్ నుండి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు వచ్చారు. ముందు ఆగేది శ్వాసే కనుక శ్వాసనే గమనించమని వారు తేల్చారు. అయితే 1911లో లెవీ అనే పరిశోధకుడు, తక్కువ మోతాదు క్లోరోఫాం వల్ల గుండె కూడా హఠాత్తుగా లయ తప్పి ఆగిపోవచ్చునని నిరూపించారు. అంటే శ్వాసను చూడాలి, నాడినీ చూడాలి. ఒకదానిని పట్టుకుని రెండవదానిని వదిలితే ప్రాణానికే ముప్పు.

జపాన్‌కు చెందిన టకువో అయోయాగి 1970వ దశకంలో కనిపెట్టిన సూత్రంపై పనిచేసే పల్స్ ఆక్సీమీటరు ఈనాడు వీధి చివరి మందుల దుకాణంలో దొరుకుతోంది. వేలికి తగిలిస్తే నాడి వేగాన్నీ, రక్తంలోని ఆక్సిజన్ శాతాన్నీ రెండింటినీ చూపుతుంది. ఆనాడు మహావైద్యులు తర్కించుకున్న విషయం ఈనాడు మన వేలి కొసన ఉంది. కాని దానిని చదివి అర్థం చేసుకునే పని మాత్రం యంత్రం చేయదు.

మన హైదరాబాదులోనే హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారు కలిసి 1998లో తక్కువ ధర స్టెంటును రూపొందించారు. అదే ఇద్దరు 2012లో పల్లెల్లోని ఆరోగ్య కార్యకర్తల కోసం గట్టి టాబ్లెట్ కంప్యూటరును తయారుచేయించారు. అది ఎవరి కోసమో గమనించండి. పల్లె ఇంటి గడప తొక్కే కార్యకర్త కోసం. యంత్రం వెనుక మనిషి ఉండాలని ఆ పెద్దలు మరువలేదు.

వివేకానికి అంగాలు

సెమినరీలో తత్వశాస్త్రం చదువుకున్న రోజుల్లో, వివేకం అనే సుగుణానికి పునీత తోమాసు అక్వినాసుగారు ఎనిమిది అంగాలు చెప్పారని నేర్చుకున్నాం. పరీక్ష కోసం వాటిని వల్లెవేశాం. వాటి విలువ నాకు ఆసుపత్రి వరండాల్లోనే బోధపడింది. వాటిలో నాలుగింటిని మీ ముందు ఉంచుతున్నాను.

1. స్మృతి. తోమాసుగారు మొట్టమొదట చెప్పిన అంగం ఇదే. జరిగినదానిని ఉన్నది ఉన్నట్లుగా గుర్తుంచుకోనివాడు, జరగబోయేదానిలో సరైన నిర్ణయం తీసుకోలేడు. చీరల సంచి కథ ఈ మాటకు ఉదాహరణ కాదా?

ఈ ఆదివారమే ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క కాగితం రాయండి. పేరు, వయసు, రక్తం గ్రూపు, ఉన్న జబ్బులు, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు, మోతాదు, చూసే డాక్టరుగారి ఫోన్ నంబరు, దగ్గరి బంధువు నంబరు. ఆ కాగితాన్ని ఫోటో తీసి కనీసం ఇద్దరి ఫోన్లలో ఉంచండి. అసలు కాగితం పర్సులో పెట్టుకోండి. మందు మారినప్పుడల్లా కాగితం మార్చండి. స్మార్ట్‌ఫోన్లలో అత్యవసర సమాచారం రాసుకునే చోటు ఉంటుంది. అక్కడ రాస్తే, ఫోన్ తాళం తీయకుండానే దారినపోయే వారు కూడా ఆ వివరాలు చూడగలరు. అందుకని అక్కడ అవసరమైనంతే రాయండి.

ప్రభుత్వం వారి ఆభా సంఖ్య గురించి చాలామంది అడుగుతున్నారు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైంది. ఆభా 14 అంకెల సంఖ్య. వేర్వేరు ఆసుపత్రుల్లోని మీ రిపోర్టులను ఒకచోట చూసుకోవడానికి అది తోడ్పడుతుంది. మీ అనుమతి ఇస్తేనే ఒక ఆసుపత్రి రికార్డును మరొకరు చూడాలి. ఇచ్చిన అనుమతిని మీరు వెనక్కు తీసుకోవచ్చు. ఇది తప్పనిసరి కాదు. ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి: ఆభా బీమా కార్డు కాదు. ఆరోగ్యశ్రీ వేరు, ఆయుష్మాన్ కార్డు వేరు, ఇది వేరు. ఆభా ఉంది కదా అని చేతిలో డబ్బు లేకుండా ఆపరేషన్‌కు వెళ్ళి దిగులుపడిన వారిని చూశాను.

2. ఉన్నదాన్ని ఉన్నట్లు గ్రహించడం. కొలత తప్పితే స్మృతి కూడా తప్పుతుంది. ఇక్కడ నా పొరపాటే చెప్పుకుంటాను. ఒక ఆదివారం రెండు పూజలు ముగించి, మెట్లు ఎక్కి, వేడి టీ తాగి, నిలబడే బి.పి. చూసుకున్నాను. అంకె చూసి భయపడి వెంటనే మళ్ళీ చూశాను. ఇంకా పెరిగింది! మూడవసారి మరికాస్త! డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "ఫాదర్ గారూ, ముందు కూర్చోండి" అన్నారు.

పద్ధతి ఇది. టీ, కాఫీ, పొగాకు తీసుకున్న అరగంట వరకు చూడకూడదు. మూత్రవిసర్జన చేసి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. పట్టీని చొక్కా మీద కాక, మోచేతికి పైన చర్మం మీదే కట్టాలి. చేయి గుండె ఎత్తున బల్లపై ఆనాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండు అంకెలూ రాయాలి. ఉదయం, సాయంత్రం కొద్దిరోజులు వరుసగా చూస్తేనే అసలు స్థితి తెలుస్తుంది. మణికట్టుకు కట్టేదాని కంటే భుజం కింద కట్టే యంత్రమే నమ్మదగినది. లావు చేతికి పెద్ద పట్టీ కావాలి. చిన్నది కడితే అంకె ఎక్కువ చూపుతుంది. ఆసుపత్రిలో 140/90 నుండి రక్తపోటు ఎక్కువని లెక్కించినా, ఇంట్లో చూసిన అంకెల సగటు 135/85 చేరితే డాక్టరుగారిని కలవాలి.

చక్కెర వ్యాధి ఉన్నవారు గ్లూకోమీటరు వాడే ముందు చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టుకోవాలి. మామిడిపండు తిన్న వేలిని గుచ్చితే, ఆ పండు తీపి కూడా లెక్కలోకి వస్తుంది. పట్టీల డబ్బా మూత గట్టిగా పెట్టాలి, గడువు తేదీ చూడాలి. అంకె 70 కంటే తగ్గితే అది కూడా ప్రమాదమే. స్పృహలో ఉన్నవారికి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఆక్సీమీటరు పెట్టే వేలికి గోళ్ళరంగు, గోరింటాకు ఉండరాదు. చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి. నల్లని చర్మం ఉన్నవారిలో అది కొన్నిసార్లు ఉన్నదాని కంటే ఎక్కువ చూపుతుందని 2020లో అమెరికా వైద్యులు ప్రచురించారు. కనుక అంకె బాగున్నా ఆయాసం ఎక్కువగా ఉంటే, మనిషినే నమ్మండి, అంకెను కాదు.

3. వినయం. తోమాసుగారు దీనిని నేర్చుకునే గుణంగా చెప్పారు. ఎంతటివాడైనా అనుభవజ్ఞుల మాట వినాలి. వైద్యుని గౌరవించమని సీరాపుత్రుని జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం కూడా బోధిస్తుంది. ప్రార్థించమంటూనే, వైద్యునికి చోటు ఇవ్వమంటుంది. "ప్రార్థన చేస్తున్నాను కదా ఫాదర్ గారూ, మాత్ర మానేశాను" అనేవారు ఆ అధ్యాయాన్ని ఇంట్లో అందరూ వినేలా చదవాలి.

వినయానికి మరొక పరీక్ష ఉంది. యంత్రం రెండు రోజులు మంచి అంకె చూపగానే మాత్ర మానేస్తాం. అంకె బాగున్నది ఆ మాత్ర వల్లనే అని మరచిపోతాం! మోతాదు పెంచడం, తగ్గించడం డాక్టరుగారి పని. మన పని రాసి తీసుకువెళ్ళి చూపడం. ఫోనులో ప్రశ్నలు అడిగితే జవాబులు చెప్పే కొత్త కృత్రిమ మేధస్సులు కూడా వచ్చాయి. డాక్టరుగారిని ఏమి అడగాలో తెలుసుకోవడానికి వాటిని వాడుకోవచ్చు. మందు మార్చుకోవడానికి వాడరాదు. మీ నాడి పట్టి చూడనివారు మీ మోతాదు ఎలా చెప్పగలరు?

దూరంగా ఉన్నవారికి దూరవైద్యం మంచి వరమే. చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలో 2000 సంవత్సరంలోనే అపోలోవారు దూరవైద్య కేంద్రం పెట్టారు. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వంవారి ఈ-సంజీవని ద్వారా ఇంటి నుండే ఉచితంగా డాక్టరుతో మాట్లాడవచ్చు. 2020 మార్చిలో వచ్చిన నియమాల ప్రకారం, ఫోనులో వైద్యం చెప్పే డాక్టరు తన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు తెలియజేయాలి. చెప్పకపోతే అడగండి. అడగడం అమర్యాద కాదు.

4. జాగ్రత్త. మంచి పనిలో కూడా కీడు కలిసి ఉండవచ్చునని ముందే గ్రహించడం వివేకంలో భాగం. మూడు సంగతులు చెబుతాను.

మొదటిది: కొత్త వాచీలు నడిచిన అడుగులు లెక్కిస్తాయి, కొన్ని గుండె లయ తప్పడాన్ని కూడా పసిగడతాయి. కాని వాచీ గుండెపోటును కనిపెట్టలేదని ఆపిల్ కంపెనీయే తన సూచనల్లో రాసింది. వేలు గుచ్చకుండా చక్కెర చూపుతామనే వాచీలను, ఉంగరాలను నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ తప్పుడు అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

రెండవది: ఆరోగ్య వివరాలు ఇంటి గుట్టు వంటివి. 2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ కంప్యూటర్లపైనే దాడి జరిగి, ఎన్నో రోజులు కాగితాలతో పని నడపవలసి వచ్చింది. అంతటి సంస్థకే తప్పలేదు. కనుక కాగితపు ప్రతి ఎప్పుడూ ఉంచుకోండి. ఆభా కోసమనో, ఆసుపత్రి నుండి అనో ఫోన్ చేసి ఓ.టి.పి. అడిగేవారికి చెప్పవద్దు. మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. పక్కింటివారి జబ్బు రిపోర్టును "ప్రార్థించండి" అంటూ వాట్సాప్ గుంపులో పెట్టడం కూడా తప్పే. రోగి అనుమతి లేని ప్రచారం ప్రేమ కాదు.

మూడవది: కొన్ని వేళల్లో ఏ యంత్రమూ చూడవద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే బి.పి. యంత్రం వెతుకుతూ కూర్చోవద్దు. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైన 108కి వెంటనే ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే పనికివస్తుంది. కనుక లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో చూసి, అది రాసుకోండి. ఆ సమయంలో గడియారమే మీ ముఖ్యమైన యంత్రం.

ఫోను లేని పొరుగువారి మాట

ఇంతవరకు చెప్పినదంతా ఫోను ఉన్నవారికి, కళ్ళు కనిపించేవారికి. మన విచారణలో ఒంటరిగా ఉన్న అవ్వలు, తాతలు ఉన్నారు. అంకెలు కనిపించవు, వేళ్ళు వణుకుతాయి. వారికి ఆ బి.పి. యంత్రం షోకేసులోని బొమ్మ వంటిదే. సత్యోపదేశం తరగతికి వచ్చే మన పిల్లలు నిమిషాలలో కొత్త ఆటలు ఫోనులో నేర్చుకుంటారు. వారిలో ఇద్దరిద్దరు వారానికి ఒక సాయంత్రం ఒక అవ్వ ఇంటికి వెళ్ళి, ఆమె కూర్చున్నాక అయిదు నిమిషాలు కబుర్లు ఆపి, బి.పి. చూసి, పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి రావచ్చు కదా! మాత్రలు అయిపోతున్నాయేమో చూడవచ్చు. రోగులను పరామర్శించడం మనకు చిన్ననాటి నుండి నేర్పిన కరుణా కార్యమే. ఇప్పుడు దానికి ఒక పెన్సిలు, ఒక నోటుపుస్తకం తోడయ్యాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఆ జారిపడిన పెద్దాయన ఇప్పుడు చొక్కా జేబులో ఒక మడత కాగితం పెట్టుకుని పూజకు వస్తున్నారు. ఎవరు పలకరించినా తీసి చూపిస్తారు. "ఫాదర్ గారూ, నా ప్రాణం ఇందులో రాసి ఉంది" అని నవ్వుతారు. ఆయన భార్య మాత్రం నవ్వరు. ప్రతి నెలా మొదటి శనివారం ఆ కాగితాన్ని ఆవిడే సరిచూస్తారు.

కుటుంబ ప్రార్థన తరువాత మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో ప్రతి ఒక్కరూ వాడే మందుల పేర్లు మరొకరికి తెలుసా? పడని మందుల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి?

2. ఇంట్లో ఉన్న బి.పి. యంత్రాన్ని, గ్లూకోమీటరును చివరిసారి ఎప్పుడు వాడాం? ఆ అంకెలు డాక్టరుగారికి చూపామా?

3. అర్ధరాత్రి ఆపద వస్తే 108కి ఫోన్ చేసేది ఎవరు? కాగితం తీసుకుని వెంట వెళ్ళేది ఎవరు?

4. మన వీధిలో ఒంటరిగా ఉన్నవారు ఎవరు? ఈ వారం వారి గడప తొక్కేది మనలో ఎవరు?